రాయిని తూచి చూసిన పండితుడు: అబూ రైహాన్ అల్‌బిరూనీ

ఒక దీనీ సభ నిమిత్తం మేము గత వేసవిలో చర్ల వెళ్లాము. భద్రాచలం దాటి, దుమ్ముగూడెం మీదుగా, గోదావరి ఎడమ గట్టు వెంబడి సాగే దారి అది. అస్ర్ నమాజు తర్వాత ఒక ఇంటివారు చాయ్‌కి పిలిచారు. మాటల మధ్యలో ఆ ఇంటి నానీమా లోపలికి వెళ్లి, ఒక రాయిని కొంగుతో తుడుచుకుంటూ తెచ్చి మా ముందు పెట్టారు. జానెడు పొడవు, గోధుమ వన్నె, నిడివిగా సన్నని గీతలు. తాలిపేరు వాగు గోదావరిలో కలిసే చోట, నీళ్లు తీసినప్పుడు ఇసుకలో ఆమె మనవడికి దొరికిందట.

అది ఏమిటన్న విషయంలో ఆ ఇంట్లో నలుగురిది నాలుగు మాటలు. మనవడు డైనోసార్ ఎముక అంటాడు. అల్లుడు ఏనుగు దంతం అంటాడు. పొరుగింటాయన మాత్రం అది ఆద్ జాతివారి వేలి ఎముక అని గట్టిగా నమ్మి, దాన్ని పచ్చగుడ్డలో చుట్టి గూట్లో పెట్టించి, గురువారం గురువారం లోబాన్ పొగ కూడా వేయించాడు. ఇది ఏమిటో మీరే చెప్పండి మౌలానా అని నానీమా మమ్మల్ని అడిగారు. రాయికి పొగ వేయడం ధర్మసమ్మతం కాదని చెప్పడానికి మాకు ఒక్క క్షణం పట్టలేదు. కానీ ఆ రాయి ఏమిటన్న ప్రశ్న అలాగే మిగిలింది. తెలియదని ఒప్పుకుని లేచి వచ్చాము.

ఆ రాత్రి తిరుగు ప్రయాణంలో మాకు ఒక విషయం గుర్తుకు వచ్చి సిగ్గు వేసింది. ఈ ప్రశ్నను సరిగ్గా ఎలా అడగాలో వెయ్యేళ్ల క్రితమే చేసి చూపించిన ముస్లిం పండితుడు ఒకరున్నారు. ఆయన రాళ్ల మీద రాసిన గ్రంథం అచ్చయింది మరెక్కడో కాదు, మన హైదరాబాదులోనే. ఆయనే అబూ రైహాన్ ముహమ్మద్ బిన్ అహ్మద్ అల్‌బిరూనీ, రహ్మతుల్లాహి అలైహ్. మన ఇళ్లలో ఆయన పేరు విననివారు తక్కువ. ఆయన చేసిన పని తెలిసినవారు అంతకంటే తక్కువ.

ఆయన హిజ్రీ 362వ సంవత్సరం జుల్‌హిజ్జా నెలలో, అంటే క్రీ.శ. 973 సెప్టెంబరులో, ఖ్వారిజ్మ్ ప్రాంతపు కాస్ పట్టణంలో జన్మించారు. జైహూన్ నది ఒడ్డున ఉన్న ఊరు అది. ఆ నదిని నేడు ఆము దర్యా అంటారు, ఆ ప్రాంతం ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. ఆయన తండ్రి తాతల గురించి చెప్పుకోదగిన వివరాలు లేవు. రాజకుటుంబీకుడు, గొప్ప గణితవేత్త అయిన అబూ నస్ర్ మన్సూర్ ఆ బాలుణ్ణి చేరదీసి చదువు చెప్పారు. ఇంకా ఇరవై నిండకముందే ఆ కుర్రవాడు మధ్యాహ్నపు సూర్యుని ఎత్తును కొలిచి తమ ఊరి అక్షాంశాన్ని లెక్కగట్టాడు. 997లో చంద్రగ్రహణం పట్టినప్పుడు, బాగ్దాదులోని అబుల్ వఫాతో ముందే ఒప్పందం చేసుకుని, ఇద్దరూ ఒకే గ్రహణాన్ని రెండు ఊళ్ల నుంచి చూసి వేళల తేడా రాసుకున్నారు. ఆ తేడా నుంచి రెండు ఊళ్ల మధ్య తూర్పు పడమరల దూరం తేలింది. టెలిఫోను లేని కాలంలో, నెలల ప్రయాణం దూరంలో ఉన్న ఇద్దరు మనుషులు ఒకే రాత్రి ఒకే చంద్రుణ్ణి చూస్తూ కూర్చున్న దృశ్యాన్ని పాఠకులు ఒకసారి ఊహించుకోవాలి.

ఈలోగా 995లో ఖ్వారిజ్మ్‌లో రాజ్యం చేతులు మారింది. ఆయనను ఆదరించిన వంశం కూలిపోయింది. ప్రాణం దక్కించుకోవడానికి ఊరు విడిచారు. కొంతకాలం రయ్ నగరంలో చేతిలో పైసా లేకుండా గడిపారు. అక్కడి పండితుడొకరు, ఏదో ఖగోళ విషయంలో ఆయన చెప్పినది సరైనదే అయినా, ఈ పేదవాడికేం తెలుసని ఎగతాళి చేశాడట. తర్వాత ఆయన పరిస్థితి మెరుగుపడగానే అదే మనిషి స్నేహం చేయడానికి వచ్చాడు. బిరూనీ దీన్ని తమ పుస్తకంలో కోపం లేకుండా, నవ్వుకుంటున్నట్టుగా రాసుకున్నారు. మాట ఎవరు చెప్పారన్నది కాదు, మాట నిజమా కాదా అన్నదే చూడాలన్న పట్టుదల ఆయనకు అక్కడే పడి ఉంటుందని మా అభిప్రాయం.

రయ్ నుంచి కాస్పియన్ సముద్రం దగ్గరి జుర్జాన్‌కు వెళ్లి అక్కడి పాలకుడు ఖాబూస్ కొలువులో కొన్నేళ్లు ఉన్నారు. వేర్వేరు జాతుల పంచాంగాలను, పండుగలను వివరించే ఆసారె బాఖియా గ్రంథం రాసినది అక్కడే. తర్వాత స్వదేశానికి పిలుపు వచ్చింది. ఖ్వారిజ్మ్ షా మామూన్ కొలువులో గౌరవంగా ఉన్న రోజుల్లోనే 1017లో మహమూద్ గజ్నవీ ఆ రాజ్యాన్ని జయించి, పండితులతో పాటు ఆయననూ గజ్నీకి తీసుకుపోయాడు. నలభై నాలుగేళ్ల వయసులో రెండోసారి ఇల్లు పోయింది. ఇక బ్రతికినంత కాలం ఆయనకు గజ్నీయే ఊరు.

మరుసటి సంవత్సరం, 1018లో, కాబూల్ దగ్గర జైఫూర్ అనే పల్లెలో ఆయన ఉన్నారు. చేతిలో పరికరాలు లేవు, మనసు బాగోలేదు. అయినా లెక్కలు వేసుకునే పలక వెనుక భాగం మీద వృత్తంలో కొంత భాగాన్ని గీసి, డిగ్రీలుగా విభజించి, దారం వేలాడదీసి దాంతోనే సూర్యుని ఎత్తు కొలిచారు. ఆ పల్లె అక్షాంశం తేలింది. పరికరం లేదని మన పని ఆపుకున్న రోజులు మాకు చాలానే గుర్తుకు వస్తున్నాయి.

ఇక రాళ్ల విషయానికి వద్దాం. గజ్నీ నుంచి ఖిబ్లా దిశ కచ్చితంగా ఎటు అన్న ప్రశ్నకు జవాబుగా ఆయన 1025లో తహదీద్ అనే గ్రంథాన్ని ముగించారు. నగరాల మధ్య దూరాలు, దిక్కులు తేల్చే పుస్తకం అది. చిత్రమేమిటంటే, సముద్రాలు నేలగా, నేలలు సముద్రంగా మారతాయన్న చర్చ, నేడు మనం శిలాజాలు అంటున్న వాటి చర్చ ఆ నమాజు దిశ పుస్తకంలోనే ఉంది. ఊళ్ల స్థానాలు కొలవడానికి కూర్చున్న మనిషి, ఆ ఊళ్లు ఉన్న నేల మాత్రం ఎప్పుడూ ఇలాగే ఉందా అని ఆలోచించకుండా ఉండలేకపోయాడు.

ఆయన చెప్పినది ఇది. అరబ్బు ఎడారి ఒకప్పుడు సముద్రం. తర్వాత పూడిపోయి ఎండిన నేల అయింది. దీనికి రుజువు కావాలంటే అక్కడ బావులు, చెరువులు తవ్వేటప్పుడు చూడాలి. మట్టి, ఇసుక, గులకరాళ్లు పొరలు పొరలుగా బయటపడతాయి. ఎవరో కావాలని పూడ్చిపెట్టారని అనుకోవడానికి వీల్లేని చోట పెంకులు, గాజు ముక్కలు, ఎముకలు దొరుకుతాయి. కొన్ని రాళ్లను పగలగొడితే లోపల ఆల్చిప్పలు, గవ్వలు, చేప చెవి అని పిలిచే చిప్పలు కనిపిస్తాయి. కొన్నిసార్లు ఆ చిప్ప చెక్కుచెదరకుండా ఉంటుంది. మరికొన్నిసార్లు అది పూర్తిగా కరిగిపోయి, దాని ఆకారంలో ఖాళీ మాత్రం మిగిలి ఉంటుంది.

ఈ చివరి మాట దగ్గర పాఠకులు కాస్త ఆగాలి. రాతిలో చిప్ప లేదు, చిప్ప ఆకారంలో గుంట మాత్రమే ఉంది. మామూలు మనిషి దాన్ని ప్రకృతి చిత్రం అని పక్కన పెడతాడు. బిరూనీ అలా వదిలేయలేదు. ఆ గుంట ఒకప్పుడు అక్కడ నిజమైన చిప్ప ఉండేదనడానికి సాక్ష్యం అని పట్టుకున్నారు. నేటి శాస్త్రజ్ఞులు శిలాజాల్లో అచ్చు అని ఒక రకాన్ని వేరుగా చెబుతారు, అది ఇదే. ఇలాంటి రాళ్లు జుర్జాన్‌కూ ఖ్వారిజ్మ్‌కూ మధ్య ఉన్న ఇసుక ఎడారిలోనూ ఉన్నాయని రాశారు. తమ సొంత జీవితంలో ఊరు విడిచి పోతూ వస్తూ తిరిగిన ప్రాంతం అది. అక్కడ ఒకప్పుడు పెద్ద సరస్సులాంటి నీరు ఉండేదనీ, తమ పుట్టిన ఊరి నది జైహూన్ పూర్వం ఆ దిక్కుగా ప్రవహించి తర్వాత దారి మార్చుకుందనీ వివరించారు. ఇదంతా ఎన్నేళ్ల క్రితం జరిగిందన్న లెక్క మాత్రం ఆయన చెప్పలేదు. లోకం సృష్టించబడినదన్న విషయంలో ఆయనకు సందేహం లేదు. కానీ అది జరిగి ఎంతకాలమైందో మనిషి తన బుద్ధితో తేల్చలేడన్నది ఆయన వైఖరి. నేడు కోట్ల సంవత్సరాల లెక్క వినగానే ఉలిక్కిపడే మన సోదరులు ఈ నిదానాన్ని గమనించాలి.

గజ్నీలో ఉన్న కాలంలో ఆయన మన దేశంలోని పంజాబు ప్రాంతాలకు వచ్చారు. సంస్కృతం నేర్చుకున్నారు. అన్య మతస్తుల గ్రంథాలను వారి పండితుల దగ్గర కూర్చుని, వారు చెప్పినది చెప్పినట్టు రాసిన కితాబుల్ హింద్ 1030 ప్రాంతంలో పూర్తయింది. నేడు పాకిస్తాన్‌లో ఉన్న నందనా కోట దగ్గర ఒక కొండ ఎత్తు కొలిచి, దాని శిఖరం నుంచి దిగంతం ఎంత కిందికి కనిపిస్తుందో చూసి, ఆ రెండు లెక్కల నుంచి భూగోళం వ్యాసార్ధాన్ని రాబట్టారు. దాని గురించి చాలామంది రాశారు కనుక మేము దాన్ని ఇంతటితో వదిలేస్తాము. ఆ పుస్తకంలో రాళ్ల గురించి ఉన్న ఒక చిన్న పరిశీలనే మాకు కావలసింది.

నేలను ఎంత లోతు తవ్వినా గుండ్రని రాళ్లు వస్తున్నాయని ఆయన చూశారు. కొండల దగ్గర, నది ఉధృతంగా పారే చోట రాళ్లు పెద్దవి. కొండలకు దూరమై ప్రవాహం నెమ్మదించిన చోట చిన్నవి. నది సముద్రాన్ని సమీపించి దాదాపు నిలిచిపోయే చోట అవి పిండి అయిన ఇసుక. ఈ మూడూ కలిపి చూసి, ఈ మైదానమంతా ఒకప్పుడు సముద్రమనీ, నదులు తెచ్చిన మట్టితో కొద్దికొద్దిగా పూడిందనీ తేల్చారు. ఆయన చూసింది ఉత్తరాది మైదానాన్ని. అది కొండల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రుతో నిండిందన్న మాట నేటికీ నిలిచి ఉంది. సముద్రం సంగతి మాత్రం ఆయన అనుకున్నంత సూటిగా లేదని నేటివారు అంటారు. పెద్దవారు చెప్పినదంతా అక్షరాలా సరైనదేనని నిరూపించే ప్రయత్నం మేము చేయడం లేదు. ఆయన ఎక్కడ చూశారో, ఎలా చూశారో అది ముఖ్యం.

బిరూనీ గోదావరి ఒడ్డుకు రాలేదు. వచ్చి ఉంటే చర్ల దగ్గర ఏం చూసేవారు? నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన నది అది. అక్కడ నుంచి వందల కిలోమీటర్లు నల్లరాతి నేల మీద పారుతుంది. ఆ నల్లరాతి బొరియల్లో పెరిగిన అఖీక్ రాళ్లు, మన పెద్దలు ఉంగరాల్లో ధరించేవి, గట్టివి కనుక అరిగి గుండ్రనై చాలా దూరం వస్తాయి. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత, ఆ దిగువన ఇంద్రావతి వచ్చి కలుస్తాయి. ఎదుటి ఒడ్డున మణుగూరు బొగ్గు గనులు. ఆ బొగ్గు కూడా ఒకప్పటి అడవే కదా. ఇక తాలిపేరు ఛత్తీస్‌గఢ్ కొండల నుంచి కొద్ది దూరమే ప్రయాణించి వస్తుంది కనుక అది తెచ్చే రాళ్లకు మూలలు ఇంకా పూర్తిగా అరగవు. ఒకే ఇసుక తిన్నె మీద పక్కపక్కన పడి ఉన్న రెండు రాళ్లలో నున్నగా గుండ్రంగా ఉన్నది దూరపు చుట్టం, కోసులు తేలి ఉన్నది ఇరుగుపొరుగు. మెత్తని రాయి త్వరగా అరుగుతుంది కాబట్టి దాని గట్టిదనమూ చూసుకోవాలి. బిరూనీ సూత్రం ఇంతే. రాయి పేరు అడగకముందు అది ఎక్కడి నుంచి, ఎంత దూరం దొర్లి వచ్చిందో అడగాలి.

గోదావరి లోయలో శిలాజాలు ఉన్నాయన్నది మనవడి ఊహ మాత్రమే కాదు. ప్రాణహిత ఒడ్డున సిరోంచ దగ్గరి కోట అనే ఊళ్లో సున్నపురాతిలో చేపల శిలాజాలు 19వ శతాబ్దంలోనే దొరికాయి. ఆ ప్రాంతపు పోచంపల్లి దగ్గర దొరికిన మహాకాయ జంతువు ఎముకలను కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు వెలికితీసి, బారాపాసారస్ అని పేరు పెట్టి 1975లో వివరించారు. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికిన మరొకదానికి 1988లో కోటాసారస్ అని పేరు వచ్చింది. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. సిరోంచ దగ్గర వడధం అనే చోట రాయిగా మారిన చెట్లు కూడా ఉన్నాయి. కాబట్టి ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్న న్యాయమైనదే.

మళ్లీ గజ్నీకి వెళదాం. రత్నాలను, లోహాలను గుర్తించడానికి బిరూనీ ఒక పాత్ర చేయించారు. అడుగున వెడల్పు, పైకి పోను పోను సన్నం, మెడ చిటికెన వేలంత. మెడ పక్కన నీరు కారే ఒక గొట్టం. పాత్రను అంచుదాకా నీటితో నింపి, ముందుగా తూచిన రాయిని అందులో వేస్తారు. రాయి తన పరిమాణమంత నీటిని బయటకు నెడుతుంది. ఆ నీరు గొట్టం గుండా కింద ఉన్న తక్కెడ పళ్లెంలోకి పడుతుంది. ఆ నీటి బరువుకూ రాయి బరువుకూ ఉన్న నిష్పత్తి ఆ రాయి జాతికి గుర్తు. మెడ సన్నంగా చేయించడంలో రహస్యమేమిటంటే, కొద్దిపాటి నీరు పెరిగినా అక్కడ తెలిసిపోతుంది. లోహాలకు బంగారాన్ని, రాళ్లకు నీలి యాఖూత్‌ను నూరుగా పెట్టుకుని మిగతావన్నీ దానితో పోల్చారు. ఆయన రాబట్టిన అంకెలు చాలావరకు నేటి ప్రయోగశాలల అంకెలకు ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉన్నాయి. తర్వాతి శతాబ్దంలో అల్‌ఖాజినీ తన మీజానుల్ హిక్మా గ్రంథంలో వాటిని భద్రపరిచారు.

ఇది ఎందుకు ముఖ్యమంటే, రంగు మోసం చేస్తుంది. పచ్చ గాజును జమర్రుద్ అని, ఎర్ర రాయిని యాఖూత్ అని అమ్మేవారు ఆనాడూ ఉన్నారు. తక్కెడకు రంగు కనబడదు. రాయిని పగలగొట్టనక్కర లేదు, కాల్చనక్కర లేదు.

రాళ్ల చుట్టూ అల్లుకున్న కథలను కూడా ఆయన ఇలాగే తూచారు. జమర్రుద్ చూస్తే పాము కళ్లు పోతాయన్న నమ్మకం ఆ కాలంలో పెద్ద పెద్ద పుస్తకాల్లో ఉండేది. ఆయన తొమ్మిది నెలలకు పైగా, ఎండల్లోనూ చలిలోనూ, పామును తెచ్చి పరీక్షించారు. మెడలో జమర్రుద్ హారం వేశారు, దాని ముందు పేర్చారు, నింపి పరిచారు. పాము కళ్లకు ఏమీ కాలేదు. చూపు ఇంకా చురుకైందేమోనని చమత్కరించారు కూడా. మరోసారి ఒక తురుష్కుడు వాన కురిపించే రాళ్లని చెప్పి తెచ్చాడు. వానాకాలం కాని రోజుల్లో, మేము చెప్పిన వేళకు కురిపించు, అప్పుడు తీసుకుంటామన్నది బిరూనీ షరతు. లోయలో వజ్రాలు, వాటిని మాంసంతో పైకి తెచ్చే గద్దలు అన్న కథనూ ఆయన కట్టుకథల ఖాతాలోనే వేశారు.

ఇది చదువుతున్నప్పుడు మాకు చర్లలోని పొరుగింటాయన గుర్తుకు వచ్చారు. ఆయన నమ్మకం వెనుక ఒక ఫోటో ఉంది. అరేబియాలోని రుబ్అల్ ఖాలీ ఎడారిలో తవ్వకాల్లో బయటపడిన ఆద్ జాతి అస్థిపంజరమంటూ 2004 నుంచి ఊరూరా తిరిగిన ఫోటో అది. ఒక మహాకాయ పుర్రె, పక్కన చీమల్లా మనుషులు. అసలు సంగతి, అది 2002లో ఒక బొమ్మల పోటీ కోసం కంప్యూటర్ మీద అతికించి చేసిన చిత్రం. దానికి ఆధారమైన అసలు ఫోటో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, పూర్వకాలపు ఏనుగు జాతి జంతువు ఎముకల కోసం 2000లో జరిగిన తవ్వకాలది. అదే బొమ్మను మన దేశంలో ఘటోత్కచుని అస్థిపంజరమని కూడా తిప్పారు. హజ్రత్ హూద్ (అలైహిస్సలాం) జాతి గురించి ఖుర్ఆన్ తెలిపిన దానిపై మన విశ్వాసం ఒక ఫోటో మీద ఆధారపడి లేదు. మరి అబద్ధపు ఫోటోను దానికి సాక్ష్యంగా నిలబెట్టి, రేపు పిల్లలకు అసలు సంగతి తెలిసిన రోజున వారి ముందు ఎవరు తలవంచుకోవాలి? చెప్పడానికి మాకే బాధగా ఉంది, ఆ ఫోటోను జుమా బయానులో చూపినవారిని మేము ఎరుగుదుము.

బిరూనీకి దీనికి ఎదురు రకం మనుషులూ తారసపడ్డారు. నమాజు వేళలు తెలుసుకునే పరికరం ఒకటి ఆయన తయారు చేస్తే, దాని మీద రూమీ క్రైస్తవుల నెలల పేర్లు ఉన్నాయని ఒక మస్జిదు బాధ్యుడు దాన్ని ముట్టుకోనన్నాడు. రూమీలు అన్నం కూడా తింటారు, బజారులో నడుస్తారు, ఆ రెండింటిలో కూడా వారిని అనుకరించడం మానేయమని బిరూనీ అతనికి సమాధానమిచ్చారు. శాస్త్రం అనగానే దూరం జరిగేవాడు, విచిత్రం అనగానే నమ్మేసేవాడు. ఇద్దరూ ఆయనకు ఒకే ఖాతా.

నెల తిరగకముందే మేము మళ్లీ చర్ల వెళ్లాము. ఈసారి రాయిని తూచుదామన్నాము. పక్కనే ఉన్న కిరాణా కొట్టు నుంచి తక్కెడ తెచ్చారు. రాయి బరువు 1560 గ్రాములు. వెడల్పాటి పళ్లెంలో వంటింటి గిన్నె పెట్టి అంచుదాకా నీళ్లు పోసి, రాయికి దారం కట్టి మెల్లగా దించాము. పొర్లిన నీటిని తూస్తే 600 గ్రాములు. అంటే నీటికి 2.6 రెట్లు. మన పలుగురాయి 2.65 ఉంటుంది. కొత్త ఏనుగు దంతం రెండు రెట్ల లోపే ఉంటుంది కనుక అల్లుడి మాట పోయింది. ఎముక శిలాజాల బరువు రకరకాలుగా ఉంటుంది కనుక తక్కెడ ఒక్కటే చాలదు. పగిలిన గాజు ముక్క మీద రాయి మూలతో గీస్తే గీత పడింది, అంటే గాజు కంటే గట్టిది. వెనిగర్ చుక్క వేస్తే నురగ రాలేదు, అంటే సున్నపురాయి కాదు. ఆఖరికి విరిగిన కొసను తడిపి ఎండలో పెట్టి అందరం వంగి చూశాము. ఒకదాని చుట్టూ ఒకటిగా సన్నని వలయాలు. నిడివిగా ఉన్న గీతలు కలపలోని నార.

అది చెట్టు కొమ్మ. ఎన్నడో వరద మట్టి కింద పడి, గాలి తగలక కుళ్లిపోకుండా, నీటిలో కరిగిన పలుగురాతి పదార్థం ఆ కలప స్థానంలో కొద్దికొద్దిగా నిండి రాయిగా మారిన కొమ్మ. మా మాటే చివరి మాట కాదు. రాయి దొరికిన చోటు, తేదీ ఒక కాగితం మీద రాసి, రాయితో పాటు భద్రపరచమనీ, వీలైనప్పుడు హైదరాబాద్ బండ్లగూడలోని జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయంలో చూపించమనీ చెప్పాము. చోటు తెలియని శిలాజం సగం మూగది. మనవడు కాస్త నిరాశపడ్డాడు. నానీమా మాత్రం రాయిని అటూ ఇటూ తిప్పి, ఇంతకాలం కట్టెకు పొగ వేశామా అని నవ్వారు. పొరుగింటాయన ఆ సాయంత్రం రాలేదు.

బిరూనీ చివరి రోజుల సంగతి చెప్పి ముగిస్తాము. మహమూద్ తర్వాత సుల్తాన్ మసూద్ కాలంలో ఖానూనె మసూదీ అనే ఖగోళ గ్రంథం రాశారు. సుల్తాను ఏనుగు మోసేంత వెండిని బహుమతిగా పంపితే, తమకు అవసరం లేదని తిప్పి పంపారని చరిత్రకారులు రాశారు. ఆ తర్వాత మౌదూద్ కాలంలో, డెబ్బై ఏళ్లకు చేరువలో, రాళ్ల గ్రంథం కితాబుల్ జమాహిర్ రాశారు. యాఖూత్, జమర్రుద్, వజ్రం, ముత్యం, బంగారం, ఇనుము, ఒక్కొక్కటి ఎక్కడ దొరుకుతుంది, ఎలా గుర్తించాలి, వర్తకులు ఎలా మోసం చేస్తారు అన్నవన్నీ అందులో ఉన్నాయి. ఈ గ్రంథాన్ని హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ హిజ్రీ 1355లో, అంటే 1936లో, జర్మన్ పండితుడు క్రెంకో పరిష్కరించగా ప్రచురించింది. 1954, 56 మధ్య ఖానూనె మసూదీని, 1958లో కితాబుల్ హింద్‌ను కూడా ఆ సంస్థే అచ్చువేసింది. ఖ్వారిజ్మ్‌లో పుట్టి గజ్నీలో రాసిన మనిషి పుస్తకాలు మూసీ ఒడ్డున అచ్చయ్యాయి. ఉర్దూ, అరబీ తెలిసిన మనవారు కూడా వాటిని తెరవకపోవడం ఎవరి తప్పో మేము వేరే చెప్పనక్కర లేదు. తెరవని వారిలో మేమూ ఒకరము.

చూపు, వినికిడి తగ్గాక కూడా ఒక వైద్యుని సాయంతో మందుల మీద సైదనా గ్రంథం మొదలుపెట్టారు. హిజ్రీ 440లో, క్రీ.శ. 1048లో, గజ్నీలో మంచం పట్టారు. ఊపిరి గొంతులో ఆడుతున్న వేళ ఫఖీహ్ అయిన అబుల్ హసన్ వల్వాలిజీ పరామర్శకు వచ్చారు. ఒకప్పుడు మీరు నాకు వారసత్వంలో జద్దాతె ఫాసిదా లెక్క చెప్పారే, అది ఎలా అని బిరూనీ అడిగారు. తల్లి తండ్రికి తల్లి వంటి, మధ్యలో మాతామహుడు అడ్డు వచ్చే అమ్మమ్మల వాటా గురించిన మసలా అది. మదరసాలో మాకు అన్నింటికంటే ఎక్కువ కష్టపెట్టిన పాఠాల్లో ఒకటి. ఈ స్థితిలోనా అని ఫఖీహ్ జాలిపడ్డారు. తెలియకుండా పోవడం కంటే తెలుసుకుని పోవడం మేలు కదా అన్నది ఆయన భావం. ఫఖీహ్ ఆ మసలాను వివరించారు. బిరూనీ దాన్ని తిరిగి అప్పజెప్పారు. ఫఖీహ్ సెలవు తీసుకుని వీధిలోకి అడుగు పెట్టి, ఇంకా దారిలో ఉండగానే ఆ ఇంట్లో నుంచి ఏడుపు వినిపించింది.